నాదోపాసకుని కమాను: ద్వారం వెంకటస్వామి నాయుడుగారి వాదన వైభవం



భగవంతుని చేరుటకు పెద్దలు చూపిన మార్గాలలో నాదోపాసన ఒకటి. త్యాగరాజస్వామి వంటి మహనీయులు నాదమునే సాధనగా చేసికొని తరించారు. వారి కీర్తనలలోని భావాన్ని ఒక్క మాటైనా పలుకకుండా, కేవలం నాలుగు తంత్రుల మీద మన హృదయాలకు అందించిన ఆంధ్ర వాద్యవిద్వాంసుని నేడు స్మరించుకొందాము. ఆయనే ఫిడేలు నాయుడుగారని లోకం ప్రేమతో పిలిచిన ద్వారం వెంకటస్వామి నాయుడుగారు.

ముందుగా ఒక సందేహం. ఫిడేలు పాశ్చాత్య దేశాలనుండి వచ్చిన వాద్యము కదా, దైవసంగీతంలో దానికి స్థానమెట్లు కలిగినది? ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు (1786-1858) మద్రాసు ప్రాంతంలో ఒక ఐరోపా వాద్యకారుని వద్ద ఈ వాద్యాన్ని అభ్యసించి, దానిపై మన రాగాలను పలికించారు. మెట్లు లేని వాద్యమగుటచే గమకాలన్నీ అందులో నిరాటంకంగా పలుకుతాయి. మనవారు దానిని నేలపై కూర్చుండి, ఒక కొన ఎదకును, మరియొక కొన కుడిపాదపు చీలమండకును ఆనించి వాయించే పద్ధతిని ఏర్పరచుకొన్నారు. అందువలన ఎడమచేయి బరువు మోయనక్కరలేక తంత్రులపై స్వేచ్ఛగా జారగలిగినది. వాద్యము ఎక్కడ పుట్టినదన్నది కాదు, ఎవరికి సమర్పింపబడినదన్నదే ముఖ్యమని ఈ చరిత్ర మనకు బోధిస్తున్నది.

నాయుడుగారు 1893 నవంబరు 8వ తేదీన, దీపావళినాడు, బెంగుళూరులో జన్మించి విశాఖపట్టణంలో పెరిగారు. అన్నగారైన వెంకటకృష్ణయ్యగారే తొలిగురువు. దీపాల పండుగనాడు పుట్టిన ఆ బాలునికి చూపు మందము. కంటికి దూరమైన లోకాన్ని ఆయన చెవితో చూడ నేర్చారు. 1919లో విజయనగరంలో మహారాజావారి సంగీత కళాశాల ఏర్పడినప్పుడు విద్యార్థిగా చేరుటకు వెళ్లిన ఆయన వాదన విని, ఏకంగా అధ్యాపకునిగానే నియమించారని పెద్దలు చెబుతారు. ఆనాటి అధ్యక్షులు హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసుగారు. దాసుగారి తరువాత 1936లో ఆ పీఠం నాయుడుగారిని వరించినది.

ఆ కాలంలో ఫిడేలు ప్రధానంగా గాయకునికి పక్కవాద్యము. నాయుడుగారును మహావిద్వాంసుల ప్రక్కన కూర్చుండి వాయించినవారే. కాని 1938లో వేలూరులో ఆయన ప్రత్యేకంగా వాద్యకచేరీ చేశారు. నీడవలె వెంట నడచిన వాద్యము సభాముఖాన నిలువగలదని ఆయన నిరూపించారు. 1941లో మద్రాసు సంగీత అకాడమీవారి సంగీత కళానిధి బిరుదము, 1953లో కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారము, 1957లో పద్మశ్రీ ఆయనను వరించినవి. పాశ్చాత్య వాద్యకులతిలకుడు యెహూదీ మెనూహిన్ సైతం ఆయన వాదనను విని మెచ్చుకొన్నారు. 1964 నవంబరు 25న ఆయన నాదైక్యం చెందారు.

ఇక ఆయన బాణీలోని విశేషమేమి? మొదటిది కమాను. పాశ్చాత్యుల కమాను పద్ధతులను శ్రద్ధగా పరిశీలించి, నిడుపైన నిండు కమానును మన సంగీతానికి అనువుగా మలచుకొన్నారు. అందుచే స్వరము తెగదు, గీచినట్లుండదు; శ్రుతిలో కరగి నిలుస్తుంది. రెండవది సాహిత్యదృష్టి. దీర్ఘాక్షరం వచ్చినచోట నాదము సాగుతుంది, పదము ముగిసినచోట ఊపిరి తీసికొన్నట్లు ఆగుతుంది. కీర్తన తెలిసిన భక్తుడు వింటున్నప్పుడు, వాద్యము స్వరాన్ని ఇస్తుంది, మాటను మాత్రం భక్తుని మనస్సే అందిస్తుంది. రామనామము వాద్యము పలుకలేదు, మనమే పలికాము! శ్రవణము మనకు తెలియకుండానే జపమగుట అంటే ఇదియే.

ఈ సంపద గ్రామఫోను పలకలలోను, ఆకాశవాణి ధ్వనిముద్రణలలోను కొంత మిగిలినది. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ పాత పలకకు ఒక్కొక్క ప్రక్క సుమారు మూడు నిమిషాల నిడివి మాత్రమే. గంటసేపు విస్తరింపదగిన రాగాన్ని అంతలో ఇముడ్చవలెను. అందుచే ఒక్క స్వరమైనను వ్యర్థము కారాదు. చిన్న సాలగ్రామంలో స్వామిని దర్శించినట్లు, ఆ మూడు నిమిషాలలో రాగస్వరూపాన్ని సంపూర్ణంగా దర్శింపవచ్చును. పలకపై గరగర శబ్దమున్నదని విసుగుకొనరాదు. గర్భాలయంలో దీపపుమసి పట్టిన గోడలను చూచి స్వామిదర్శనం మానుకొంటామా?

కాని ఒక్క మాట. ఆ పలకలు లక్కతో చేసినవి, జారిపడితే పగులుతాయి. పెద్దలు గతించిన ఇండ్లలో, వాయించే యంత్రము లేదన్న కారణాన పాతసామానుతోపాటు అవియును వెళ్లిపోతున్నవి. మీ ఇంటి అటకపై అట్టివి ఉన్నచో పారవేయవద్దు. తడి తగలకుండ నిలువుగా నిలబెట్టి భద్రపరచి, ధ్వనిని నేటి సాధనాలలోనికి ఎక్కించగల వారికి చూపండి. తాళపత్రాలను కాపాడుట పుణ్యమైనచో ఇదియును పుణ్యమే.

నేడు చేతిలోని ఫోనులోనే ఆయన నాదము వినవచ్చును. సౌకర్యము పెరిగినది, శ్రద్ధ తగ్గినది. ఆలయంలోనైనను మైకులో ఒక పాట మ్రోగుచుండగా మనము ముచ్చటలాడుకొంటున్నాము. చూపు కరవైన ఆ మహనీయుడు చెవినే కన్నుగా చేసికొన్నారు. రెండు కన్నులున్న మనము, రోజుకొక్క మూడు నిమిషాలు కన్నులు మూసికొని, ఆ నాదాన్ని స్వామిసన్నిధిలో ఉన్నట్లు విందాము. ఆయనకు మనము సమర్పింపగల నివాళి అదియే.

స్వస్తి.