నాంపల్లి తోటయు, జాంగలభూమియు



నాంపల్లి స్టేషనున దిగిన పల్లెవారు ఒకదెస ఆబిద్సు అంగళ్లకును, మఱియొకదెస బాగే ఆము అను సర్కారుతోటకును పోవుట వాడుక. ఆబిద్సునకు ఆ పేరు ఆఱవ నిజాము మహబూబలీఖాను కొలువులోని ఆల్బర్ట్ ఆబిదు అంగడిని బట్టి వచ్చినది. దానితో మనకిప్పుడు పనిలేదు. తోట 1846లో వెలసినది. అందు పచ్చికబయళ్లును, 1931లో తెఱవబడిన పురావస్తుశాలయు కలవు. ఒకప్పుడు మృగశాలయు నుండెను. 1963లో మీరాలం చెఱువుచెంత నెహ్రూ జంతుశాల తెఱవబడగా నందలి జంతువులు అచటికి తరలినవి.

ఆ తోట పచ్చదనము నీరుపెట్టి పెంచినది. ఈ నేలకు సహజమైన రూపము వేఱు. రాజస్థానమునందువంటి ఇసుకయెడారి మనకు లేదు గాని, చరకసుశ్రుతులు చెప్పిన జాంగలదేశము కలదు. నీరు తక్కువ, ఆకాశ మెక్కువ, జమ్మి, చండ్ర, రేగు మున్నగు చెట్లు, జింకలు: ఇదియే దాని లక్షణము. ఈ మాటయే హిందీలో జంగలై, ఆంగ్లేయుల నోట దట్టమైన యడవికి పేరయినది! శబ్దమునకు గూడ ఇట్టి గ్రహచారము పట్టుట కలదు.

ఆ జాంగలమును చూడగోరి నేనొకమాఱు విజయవాడ బాటలో వనస్థలిపురముచెంతనున్న హరిణవనస్థలికి పోయితిని. అది పూర్వము నిజాముల వేటభూమి. మహావీరుని నిర్వాణమునకు 2500 ఏండ్లు నిండిన సందర్భమున 1975లో ఆయన పేర అభయారణ్యమైనది. తంగేడుపొదల నడుమ ఇఱ్ఱుల మంద కనబడెను. పోతు వీపు నలుపు, కడుపు తెలుపు. కొమ్ములు మెలిదిరిగి యుండును. ఆఁడుది గోధుమవన్నెది. కృష్ణసారము స్వేచ్ఛగా తిరుగు దేశమే యజ్ఞయోగ్యమని మనువు చెప్పెను. ఆ మాటను బాలురకు పాఠము చెప్పునపుడు నాకు కలుగని విస్మయము, ఆ మృగమును ఎదుట చూచినపుడు కలిగినది.

పూర్వపు ప్రభువులు మచ్చికచేసిన చీతాలను ఈ ఇఱ్ఱులపై వదలి వేటాడుచుండిరి. ఆ చీతాలు మన దేశమున నశించినవని 1952లో ప్రకటింపబడెను. ఇఱ్ఱులను మాత్రము 1972 నాటి వన్యప్రాణి సంరక్షణచట్టము కాపాడుచున్నది. అయిన చట్టముతోనే తీఱదు. ఇఱ్ఱికి దూరముగా చూచి పరుగెత్తుటకు బయలు కావలెను. ఆ బయలును మనము బీడనుచున్నాము. దున్నుదుము, లేదా ఇండ్లు కట్టుదుము. ఊరక విడిచినను సర్కారుతుమ్మ క్రమ్ముకొనును. అది 19వ శతాబ్దమున అమెరికాఖండమునుండి వచ్చినది. జమ్మికి జ్ఞాతియే యైనను, గడ్డిని బ్రదుకనీయదు.

జమ్మి అట్లుగాదు. దాని వేరు మిక్కిలి లోతునకు పోయి నీటిని వెదకుకొనును. దాని నీడను పైరు పెరుగును. 2014లో అది తెలంగాణ రాష్ట్రవృక్షమైనది. రాజస్థానమునను ఇదియే రాష్ట్రవృక్షము. వారు ఖేజ్రీ యందురు. 1730లో జోధపురరాజు భటులు ఈ చెట్లను నఱుకరాగా, ఖేజర్లీ గ్రామమున అమృతాదేవి మొదలుగా 363 మంది బిష్ణోయీలు మ్రాకులను కౌఁగిలించుకొని ప్రాణములు విడిచిరి. మనము దసరానాఁడు దాని యాకును బంగారమని పంచుకొందుము. ఆకు చాలును గదా, కొమ్మ లేల విఱుతురో నాకు తెలియదు.