బడిలో వేయడం నుంచి అడ్మిషన్ దాకా

మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సంచికలో మిత్రులు గురువుల గురించి, ఆటల గురించి, పరీక్షల గురించి ఎలాగూ రాస్తారు. నేను అంతకు ముందు మెట్టు గురించి రాస్తాను. మన హైస్కూల్లో ఆరో తరగతికి చాలామందిమి పంచాయతీ బడుల నుంచి వచ్చాం. తరువాతి ఏళ్లలో కాన్వెంటు నుంచి వచ్చిన పిల్లలూ కనిపించసాగారు. వాళ్లను అమ్మానాన్నలు అక్కడ ఎలా చేర్చారన్నది కూడా ఈ ప్రాంత చరిత్రే.

మా చిన్నతనంలో "అడ్మిషన్" అనే మాట లేదు. "గుంటడ్ని బడిలో వేశాం" అనేవారు. మంచిరోజు చూసి, పళ్లెంలో బియ్యం పోసి అక్షరాలు దిద్దించి, తోటి పిల్లలకు పప్పుబెల్లాలు పంచితే సగం పని అయిపోయినట్టే. మిగతా సగం హెడ్మాస్టరు గారి చేతిలో ఉండేది. పిల్లవాడి చెయ్యి తల మీదుగా వెళ్లి అవతలి చెవిని అందుకుంటే ఐదేళ్లు నిండినట్టు లెక్క. పుట్టిన తేదీ అడిగితే మా అమ్మలు "తుఫాను వచ్చిన ఏడు", "ఊళ్లో అమ్మవారి పండగ వెళ్లిన నెల" అని చెప్పేవారు. మాస్టారు ఆలోచించి జూన్ 1 అనో జూలై 1 అనో వేసేవారు. మనలో ఇంతమంది ఒకే రోజున పుట్టడానికి కారణం అదే! ఆ తేదీయే పదో తరగతి సర్టిఫికెట్లోకి, సర్వీసు రిజిస్టరులోకి ఎక్కి, చివరికి మన రిటైర్మెంటు రోజును కూడా నిర్ణయించింది.

కాథలిక్ బడుల సంగతి వేరు. బాప్తిస్మం పొందిన ప్రతి ఒక్కరి పేరూ పుస్తకంలో రాయాలన్న నియమం వాళ్లకు 1563లో ముగిసిన ట్రెంట్ మహాసభ నాటి నుంచీ ఉంది. నేటి ఫ్రాన్సులోని ఆన్సీ పట్టణం నుంచి సెయింట్ ఫ్రాన్సిస్ డి సేల్స్ సభకు చెందిన ఫాదర్లు 1846లో విశాఖపట్నం చేరారు. మరుసటి ఏడే అక్కడ సెయింట్ అలోషియస్ బడి మొదలైంది. 1849లో అదే ఆన్సీ నుంచి సెయింట్ జోసెఫ్ సిస్టర్లు వచ్చి ఆడపిల్లల చదువు అందుకున్నారు. ఆ బడులు మొదట మనబోటి వాళ్ల కోసం పెట్టినవి కావు. "ఆంగ్లో ఇండియన్" అన్న మాట అలోషియస్ బడి పేరులో నేటికీ ఉంది. 1886లో విశాఖపట్నం మేత్రాసనం ఏర్పడింది. దాని నుంచి 1993లో శ్రీకాకుళం మేత్రాసనం విడివడింది.

ఆ చదువు మీద మన వైపు వాళ్లకు కోరిక పుట్టించింది మాంగనీసు. చీపురుపల్లి, గర్భాం ప్రాంతాల్లో ఆ ఖనిజం తవ్వకం 1890లలోనే మొదలైంది. రైలు మార్గం ఉండనే ఉంది. తరువాత గరివిడిలో ఫేకర్ ఫ్యాక్టరీ, శ్రీరాంనగర్ కాలనీ వెలిశాయి. వేరే రాష్ట్రాల నుంచి ఆఫీసర్లు వచ్చారు. వాళ్ల పిల్లలు ఇంగ్లీషులో చదువుతుంటే, షిఫ్టు దిగి ఇంటికొచ్చే కార్మికుడికీ తన పిల్లను అలా చదివించాలనిపించింది.

మా అక్క కొడుకును విజయనగరం వైపు ఒక కాన్వెంటులో చేర్చినప్పుడు ఫారం నింపడానికి నన్ను వెంట తీసుకెళ్లారు. తండ్రి చదువు, తల్లి చదువు అని రెండు గడులున్నాయి. తల్లి గడి ఖాళీగా వదిలి ఇచ్చాను. మలయాళం యాసలో తెలుగు మాట్లాడే సిస్టరు గారు ఆ గడి మీద వేలు పెట్టి, మా అక్కనే అడిగారు. "ఐదు దాకా సదివానమ్మా, ఆపైన మానిపించేసారు" అంది అక్క. ఆమె చదువును ఒక కాగితం మీద ఎవరైనా రాయడం అదే మొదలు. ఆ మాట మా ఇంట్లో చాలాకాలం చెప్పుకున్నారు.

"మతం మార్చేస్తారేమో" అన్న భయం ఇంటి పెద్దలకు ఉండేది. ప్రభుత్వ గుర్తింపు లేదా సాయం పొందే బడిలో తల్లిదండ్రుల సమ్మతి లేకుండా పిల్లలకు మతబోధ చేయకూడదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతుంది. మైనారిటీలు తమ బడులు తామే నడుపుకోవచ్చని 30వ అధికరణం చెబుతుంది. ఆచరణలో కాథలిక్ పిల్లలకు కాటకిజం, మిగతావారికి నీతిబోధ క్లాసు జరిగేవి. మావాడు దసరాకు పప్పుబెల్లాలూ తిన్నాడు, క్రిస్మస్‌కు పశువుల పాకా కట్టాడు.

అయితే గేటు బయట ఆగిపోయినవాళ్లనూ చెప్పుకోవాలి. జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చినా, పల్లెల్లో చాలా ఇళ్లకు ఆ కాగితం చేరడానికి ఇంకా ఏళ్లు పట్టింది. ఫీజు, బూట్లు, టై సరే. ఇంట్లో డైరీ చదివి సంతకం పెట్టేవాళ్లు లేకపోతే ఆ బడి వైపు చూడటానికే జంకేవారు. గని కూలీల పిల్లలు ఎక్కువగా అక్కడే ఆగిపోయారు. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రైవేటు బడుల్లో పేద పిల్లలకు 25 శాతం సీట్లు ఇవ్వాలంది. చేర్చుకునేటప్పుడు పరీక్షలు, ఇంటర్వ్యూలు వద్దంది. వయసు రుజువు లేదని తిప్పి పంపకూడదనీ అంది. మైనారిటీ బడులకు ఆ చట్టం వర్తించదని సుప్రీంకోర్టు 2014లో తీర్పు ఇచ్చింది. కాబట్టి అక్కడ పేదవాడి సీటు నేటికీ యాజమాన్యం మనసు మీదే ఆధారపడింది. అలా మనసున్న ఫాదర్లు, సిస్టర్లు ఉన్నారు. కానీ మంచి మనసును హక్కుగా అడగలేం కదా.

ఇప్పుడు సన్యాసినుల జాడ లేని బడికి కూడా మనవాళ్లు కాన్వెంటనే అంటున్నారు. అసలు చరిత్ర మాత్రం పాత అడ్మిషన్ రిజిస్టర్లలో ఉంది. ఏ ఊరి నుంచి ఎవరు వచ్చారు, తండ్రి పని ఏమిటి, ఎన్నో తరగతిలో మానేశారు, అన్నీ అందులో ఉంటాయి. విజయనగరం జిల్లా 1979 జూన్ 1న ఏర్పడింది. అంతకు ముందు చేరినవాళ్ల కాగితాల్లో మనది శ్రీకాకుళం జిల్లాయే.

సంఘానికి నాదొక విన్నపం. మన బడి రిజిస్టర్లు చెదలు పట్టకముందే, హెడ్మాస్టరు గారి అనుమతితో ఫొటోలు తీయించి భద్రపరుద్దాం. అలాగే ప్రతి జూన్‌లో ఇద్దరు ముగ్గురం చుట్టుపక్కల పల్లెలకు వెళ్లి, చదువురాని తల్లిదండ్రులకు ఫారాలు నింపిపెడదాం. అప్పుడు తల్లి చదువు గడిని ఖాళీగా వదలకుండా, ఆమెనే అడిగి రాద్దాం.