మేకమేయని యాకు

నెల్లి యనగా అరవమున ఉసిరి. మన నెల్లితోపు పేరునందే యొక తోట దాగియున్నది. అట్లే తెనుగున నొక యడవితీగ పేరునందు మన పెద్దల పరిశీలన దాగియున్నది. కంచెలపై నల్లుకొను ఆ తీగను మనవారు మేకమేయని యాకు అనిరి. వెఱ్ఱిపాల, కుక్కపాల యనియు వాడుక కలదు. ఏ యాకునైన విడువని మేక దీనిని ముట్టదని పల్లెవారు కనిపెట్టి పేరు పెట్టిరి. అందలి గుణమునకు మూలమేమో తెలియుటకు మాత్రము చాల కాలము పట్టినది.

1781 మొదలు 1793 వఱకు సామర్లకోటలో నున్న వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గు దీనిని గూర్చి వ్రాసెను. కోరమండలు తీరమున దీని వేరును విదేశౌషధమైన ఇపెకాకునకు బదులు వాడుచుండిరనియు, తానును రోగుల కిచ్చితిననియు తెలిపెను. 1780–83 నాటి యుద్ధమున హైదరాలీ చెఱలో నున్న ఐరోపీయులకును ఇది యక్కరకు వచ్చెనట.

1935లో రత్నగిరీశ్వరన్, వెంకటాచలం అను పరిశోధకులు దీనినుండి టైలోఫోరీన్, టైలోఫోరినీన్ అను రెండు ఆల్కలాయిడులను వేఱుపఱచిరి. పదార్థము చేజిక్కినది, రూపము తెలియలేదు. నాడు అణువు రూపమును తేటపఱచు సాధనములు స్వల్పము. దానిని క్రమముగా ఖండించి, ముక్కలను గుర్తించి, తొలిరూపము నూహింపవలసియుండెను. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఆచార్య టి. ఆర్. గోవిందాచారి, ఆయన శిష్యులు ఈ పనికి పూనుకొని 1954లో ఫలితములు ప్రకటించిరి. టైలోఫోరీన్ అణువున కర్బనము 24, ఉదజని 27, నత్రజని 1, ఆమ్లజని 4 పరమాణువులు కలవు. ఐదు వలయములు ఒకదాని నొకటి యంటియుండును. నత్రజని రెండు వలయముల కూడలియందు నిలుచును. ఊహ యెంత యుక్తమైనను ఊహయే. కనుక 1961లో వారే ఆ యణువును ప్రయోగశాలలో నిర్మించి, తమ మాటను తామే ఋజువు చేసికొనిరి.

రూపము తెలిసినంతనే మందు సిద్ధించునా? 1960ల చివర ఢిల్లీలోని వల్లభభాయి పటేలు వక్షోరోగ సంస్థలో ఉబ్బసరోగుల కీ యాకు నిచ్చి పరీక్షించిరి. కొందఱికి మేలు కలిగెను; నోటిపూత, వాంతియు తోడయ్యెను. 1979లో వెలువడిన మఱియొక పరీక్షలో ప్రయోజనము కానరాలేదు. కావున కంచెమీది యాకును కోసి నమలుట తగదు.

పల్లెవారి పేరు తొలి పాఠము. రసాయనజ్ఞుని రేఖాచిత్రము మలి పాఠము. రోగిశయ్యయొద్ది పరీక్ష కడపటి పాఠము. మూడును చదివినవాడే వైద్యుడు. అయినను తొలి పాఠము మన తెనుగుననే యున్నది. పిల్లలకు మొక్కల పేర్లు చెప్పుట మానితిమేని ఆ పుట మన చేతులతోనే చింపినవార మగుదుము.