ఎర్ర బటన్ మీద మూత ఎందుకు?

ఓడల్లో వాడే వీహెచ్ఎఫ్ రేడియో ఎప్పుడైనా చూశారా? దాని మీద ఓ ఎర్ర బటన్, ఆ బటన్ మీద స్ప్రింగుతో మూసుకునే మూత ఉంటాయి. మూత ఎత్తాలి, బటన్ నొక్కి 3 సెకన్లు అలాగే పట్టుకోవాలి. ఓడ మునుగుతుంటే ఇంత తతంగమా అనిపిస్తుంది కదూ. మా సాఫ్ట్‌వేర్ జనాలకైతే "నిజంగా డిలీట్ చెయ్యమంటావా?" అని అడిగే డబ్బా గుర్తొస్తుంది :)

ఈ మూత వెనక చాలా కథే ఉంది. 1912లో టైటానిక్ మునిగిన రాత్రి దగ్గర్లోనే ఉన్న కాలిఫోర్నియన్ అనే ఓడలో ఉన్నది ఒక్కడే ఆపరేటర్. అతను సెట్టు కట్టేసి పడుకున్నాడు. అదే ఏడాది అమెరికా రేడియో చట్టం తెచ్చింది. అందులో తెలిసి తెలిసీ దొంగ ఆపద సంకేతం పంపినవాడికి 2,500 డాలర్ల దాకా జరిమానా, లేదంటే 5 ఏళ్ళ దాకా జైలు, లేదంటే రెండూ. "తెలిసి" అన్నమాట గమనించండి. మోర్స్ వచ్చిన మనిషి కూర్చుని కీ కొడితేగానీ ఎస్ఓఎస్ వెళ్ళని రోజులవి. పొరపాటున వెళ్ళడం అనేది పెద్ద సమస్యే కాదు.

ఆపరేటర్ నిద్రపోతే ఎలా అన్న ప్రశ్నకి జవాబుగా 1927 వాషింగ్టన్ ఒప్పందంలో ఆటో అలారం సంకేతం వచ్చింది. నిమిషంలో 12 గీతలు, ఒక్కోటి 4 సెకన్లు, మధ్యలో 1 సెకను ఖాళీ. అది వింటే చాలు, యంత్రమే గంట కొట్టేస్తుంది. మెరుపుల గరగరకి కూడా ఒక్కోసారి కొట్టేసేదనుకోండి, అది వేరే సంగతి.

అసలు గొడవ జీఎండీఎస్ఎస్ తో మొదలైంది. 1999 ఫిబ్రవరి 1 నుంచి పూర్తిగా అమల్లోకొచ్చిన ఈ పద్ధతిలో మోర్స్ అక్కర్లేదు, దానికోసమే ఉండే రేడియో ఆఫీసరూ అక్కర్లేదు. బటన్ నొక్కితే 70వ ఛానెల్ మీద ఓడ నంబరు, అది ఉన్న చోటు వాటంతటవే వెళ్ళిపోతాయి. అంటే కీ దగ్గర కూర్చునే మనిషిని తీసేసి అక్కడ బటన్ పెట్టారు. ఆ మనిషితో పాటు అతని బుర్ర కూడా పోయింది! పైగా అలర్ట్ అందుకున్న ఓడలు దాన్ని మళ్ళీ అందరికీ రిలే చేసేవి. ఆఫీసులో ఒకడు పొరపాటున మెయిలు కొడితే అందరూ "రిప్లై ఆల్" చేసినట్టు. చివరికి ఐఎంఓ 2001లో ఫ్లోచార్టులు గీసి మరీ చెప్పాల్సొచ్చింది: 70వ ఛానెల్లో విన్న అలర్టుని ఓడలు ఎట్టి పరిస్థితుల్లోనూ డీఎస్సీలో రిలే చెయ్యకూడదని.

నాకు బాగా నచ్చింది మాత్రం అదే ఐఎంఓ 1995లో చేసిన తీర్మానం. చెయ్యి తగిలి అలర్ట్ వెళ్ళిపోయిందా? వెంటనే ట్రాన్స్‌మిటర్ ఆపు, మళ్ళీ ఆన్ చేసి 16వ ఛానెల్ కి వెళ్ళు, ఓడ పేరు, కాల్ సైన్, నంబరు చెప్పి "రద్దు" అని అందరికీ ప్రకటించు. ఇలా చెప్పుకున్నవాళ్ళ మీద మామూలుగా చర్య ఉండదు, పదే పదే చేస్తే మాత్రం ప్రభుత్వాలు కేసు పెట్టొచ్చు అని కూడా రాశారు. ఇది మెతకతనం అని నేననుకోను. చర్యకి భయపడినవాడు స్విచ్ కట్టేసి గప్‌చుప్‌గా ఉంటాడు. అప్పుడు లేని ఓడ కోసం హెలికాప్టర్ తిరుగుతుంది, నిజంగా మునిగేవాడి దగ్గరకి వెళ్ళాల్సిన హెలికాప్టర్.

ఇంకో తమాషా బీకన్లది. పాత 121.5 మెగాహెర్ట్జ్ బీకన్లకి గుర్తింపు నంబరు లేదు, అవి ఉత్త కూత పెట్టేవంతే. ఏటీఎంలు, పిజ్జా ఓవెన్లు, స్టేడియం స్కోరుబోర్డులు కూడా ఉపగ్రహానికి ఆపదలో ఉన్నట్టే వినిపించాయి! 2009 ఫిబ్రవరి 1న కాస్పాస్-సార్సాట్ ఉపగ్రహాలు ఆ ఫ్రీక్వెన్సీని వినడం మానేశాయి. 406 మెగాహెర్ట్జ్ బీకన్లలో దేని నంబరు దానిది. తప్పుడు అలర్టులు వీటిలోనూ ఎక్కువే, కానీ ఓనరు ఫోన్ నంబరు రిజిస్టర్ అయ్యుంటే ముందు ఒక ఫోను కొడతారు. చాలాసార్లు అవతల నుంచి "అయ్యో, అది ఇంట్లో అటక మీద ఉందండీ" లాంటి జవాబే వస్తుంది, వెతుకులాట అక్కడితో సరి. రిజిస్టర్ చెయ్యకపోతే ఆ అటక ఎవరిదో వెతుక్కుంటూ జనం బయల్దేరాల్సిందే.