గాడిద పాలు – పొదుగు పరీక్ష

పందొమ్మిదవ శతాబ్దము చివరి భాగమున పారిస్ నగరములోని అనాథ శిశువుల ఆసుపత్రిలో ఒక క్లిష్టసమస్య ఉండెను. పుట్టుకతోనే సవాయి రోగము (సిఫిలిస్) సోకిన పసికందులను అచ్చటికి తెచ్చుచుండిరి. వారికి పాలిచ్చుటకు దాదులను నియమింప వీలులేదు. బిడ్డనుండి రోగము దాదికి అంటును. సీసాతో ఆవుపాలు పట్టినచో ఎక్కువమంది దక్కుటలేదు. ఆ ఆసుపత్రి వైద్యుడు జోసెఫ్ పారో ఒక ఉపాయము ఆలోచించెను. శిశువుల గదుల చెంతనే పశువులశాల ఏర్పాటుచేసి, దాది బిడ్డను పట్టుకొనగా, బిడ్డ నేరుగా పశువు పొదుగునుండియే పాలు త్రాగునట్లు చేసెను.

1882లో ఆయన ఫలితములను ఫ్రెంచి వైద్య అకాడమీకి నివేదించెను. శిశువులు మొత్తము 86 మంది. సీసాతో ఆవుపాలు త్రాగిన 6 గురిలో ఒక్కరే బ్రతికిరి. మేక పొదుగున పాలు త్రాగిన 42 మందిలో 8 మంది బ్రతికిరి. గాడిద పొదుగున పాలు త్రాగిన 38 మందిలో 28 మంది బ్రతికిరి.

నేటి శాస్త్రపద్ధతి ననుసరించి చూచిన ఇది సమగ్రమైన ప్రయోగము కాదు. ఒక గుంపులో ఆరుగురే ఉండిరి. మూడు గుంపులలోని శిశువుల రోగతీవ్రత సమానమని చెప్పుటకు ఆధారము లేదు. అయినను గాడిద పాలు తల్లిపాలకు కొంత దగ్గరగా ఉండుమాట నిజము. ఆవుపాలలో మాంసకృత్తులు నూటికి 3 పాళ్ళకు మించి ఉండును. గాడిద పాలలో సుమారు 1.5 నుండి 1.8 పాళ్ళు మాత్రమే. పాల చక్కెర తల్లిపాలలో వలెనే నూటికి 6, 7 పాళ్ళుండును. వెన్న మాత్రము చాల తక్కువ.

అయితే పారో ఏర్పాటులో ఒక ప్రశ్న మిగిలిపోయినది. పొదుగు వెలుపల పాలు చెడిపోవు అవకాశమును ఆయన తొలగించెను. పొదుగులోపలనే దోషమున్నచో తెలియుట ఎట్లు? ఆ కాలమున సాధారణముగా వాడుకలోనున్న సాధనములు కన్ను, చేయి మాత్రమే. పొదుగు వాచినదా, వేడిగా ఉన్నదా, ముట్టుకొన్న పశువు బాధతో తన్నుచున్నదా, పాలలో తునకలు పడుచున్నవా అని చూచుచుండిరి. ఈ పరీక్ష నేటికిని అవసరమే. కాని ఏ గుర్తులును పైకి కనిపింపకయే పొదుగు రోగగ్రస్తమై ఉండవచ్చును.

దీనికి సమాధానము ఆవుల విషయమున క్రమముగా దొరికెను. ఆవులలో అంటుకొను పొదుగువాపునకు గొలుసులవలె కనబడు సూక్ష్మజీవులు కారణమని నోకార్, మొల్లెరో అను ఫ్రెంచి శాస్త్రజ్ఞులు 1887లో ప్రకటించిరి. 1910లో అమెరికాలో ప్రెస్కాట్, బ్రీడ్ అనువారు పాలలోని కణములను లెక్కించు పద్ధతిని వివరించిరి. ఒక మిల్లీలీటరులో నూరవవంతు పాలను గాజుపలకపై ఒక చదరపు సెంటీమీటరు మేర పరచి, ఆరబెట్టి, రంగువేసి, సూక్ష్మదర్శినితో లెక్కించుటయే ఆ పద్ధతి. పొదుగులో సూక్ష్మజీవులు చేరినచో వానిని ఎదిరించుటకు రక్తమునుండి తెల్లకణములు వచ్చి చేరును. కావున కణసంఖ్య పెరుగుట రోగసూచన.

1957లో కాలిఫోర్నియాలో షాల్మ్, నూర్లాండర్ అనువారు పశువులశాలలోనే చేయదగిన సులభపరీక్షను కనుగొనిరి. పాలకు సమానముగా ఒక రకపు డిటర్జెంటు ద్రవమును కలిపినచో, కణముల పొరలు చిట్లి వానిలోని డి.ఎన్.ఏ. బయటపడును. కణములెక్కువగా ఉన్నచో మిశ్రమము జిగురువలె చిక్కబడును.

ఈ కొలబద్దను గాడిదకు వాడబోగా చిక్కు వచ్చినది. ఆవుపాలలో మిల్లీలీటరునకు 2,00,000 కణములు దాటినచో సామాన్యముగా అనుమానింతురు. ఆరోగ్యముగానున్న గాడిద పాలలో అవి తరచుగా 50,000 లకు లోపే ఉండును. ఒక గాడిద పాలలో 10,000 ఉన్న కణములు పదింతలై 1,00,000 అయినవని అనుకొందము. ఆవు లెక్కలో ఇవి మంచిపాలే! పాలు జిగురు కట్టవు కూడ. కాని ఆ గాడిద విషయమున పదింతల పెరుగుదల ఒక హెచ్చరిక. అందుచేత ఒక్కమారు చూచిన సంఖ్య చాలదు. ఆ పశువు మామూలు సంఖ్యతో పోల్చవలెను. పాలను ప్రయోగశాలలో సాగుచేసి ఏ సూక్ష్మజీవులున్నవో చూడవలెను.

పొదుగు నిర్మాణమునందును భేదము కలదు. ఆవునకు చన్నులు నాలుగు, గాడిదకు రెండే. ఆవు చన్నునకు ఒకే రంధ్రముండగా, గాడిద చన్నునకు సాధారణముగా రెండుండును. ఒక్కొక్కటి పొదుగులోని వేరువేరు భాగములనుండి వచ్చును. కావున ఒక చన్ను పాలలో రోగమున్న భాగపు పాలు, లేని భాగపు పాలు కలిసియుండవచ్చును.

గాడిద పాలకు సహజరక్షణ లేకపోలేదు. అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1922లో వర్ణించిన లైసోజైము అను పదార్థము ఆవుపాలలో లేశమాత్రమే. గాడిద పాలలో లీటరునకు సుమారు 1 గ్రాము ఉండును. అది కొన్ని సూక్ష్మజీవుల గోడలను ఛేదించును, అన్నింటినీ చంపజాలదు.

మన తెలుగు ఊళ్ళలో గాడిదను వీధివీధికి త్రోలుకొనివచ్చి, అప్పటికప్పుడు పితికి, ఉగ్గుగిన్నెడు పాలను పసిబిడ్డల దగ్గునకు, ఆయాసమునకు మందుగా అమ్ముట చిరకాలపు వాడుక. కండ్లయెదుట పితికినవి గావున పాలు శుద్ధమని తల్లులు నమ్ముదురు. ఆ నమ్మకములో సగమే సత్యము. నీరు కలపలేదని కన్ను చెప్పగలదు. పొదుగులోని రోగమును కన్ను చెప్పజాలదు. ఆరుమాసములు నిండువరకు బిడ్డకు తల్లిపాలు మాత్రమే ఇయ్యవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ సలహా. పెద్దవారు త్రాగునప్పుడైనను గాడిద పాలను 63 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద 30 నిమిషములు కాచుటయో, మరిగించుటయో క్షేమకరము.

పారో కాలమున గాడిద పాలు శిశువుల ప్రాణములు నిలిపెననుటకు ఆధారమున్నది. పాలు మంచివగుట ఒకటి, అవి మంచివని పరీక్షించి తెలిసికొనుట మరియొకటి. రెండవదానికి ఆవు కొలబద్ద చాలదు. గాడిదకు దాని కొలబద్దయే కావలెను.