బిరడా తిప్పితే చాలిన మార్పు

1882లో హంగేరీకి చెందిన పాల్ ఫాన్ యాంకో పియానో మెట్లను ఆరు వరుసలుగా పేర్చాడు. ఒక స్కేలుకు వేళ్ల పట్టు కుదిరితే పన్నెండింటికీ అదే పట్టు. మామూలు పియానోలో 16 సెంటీమీటర్లు దాటే స్థాయి వెడల్పు ఇక్కడ సుమారు 13కు తగ్గింది. చిన్న చేతులవాళ్లకు వరమే. అయినా నిలవలేదు. లోపలి వరుసలు నొక్కడానికి బరువన్న ఫిర్యాదులో నిజముంది గానీ, అసలు అడ్డంకి అది కాదు. కొత్త వాద్యం కొనాలి, పాత సాధన వదులుకోవాలి, నేర్పే గురువు దొరకాలి.

దీని పక్కన మన వయొలిన్‌ను పెట్టి చూడండి. పాశ్చాత్యుల శ్రుతిలో దాని నాలుగు తీగలూ వరసగా పంచమం ఎడంలో ఉంటాయి. బాలుస్వామి దీక్షితులు (1786–1858) వంటివారి చేతుల్లో కర్ణాటక సంగీతంలోకి వచ్చిన ఈ వాద్యం క్రమంగా స–ప–స–ప శ్రుతిలో కుదురుకుంది. మంద్ర షడ్జమం తీగ మీద నేర్చిన వేళ్లే మధ్య షడ్జమం తీగ మీదా పనికొస్తాయి. యాంకో కోరిన సౌకర్యంలో కొంత ఇలా దొరికిందన్నమాట. ఈ మార్పు గాత్రాన్ని అనుసరించడానికే తప్ప, నేర్చుకునేవాడి సుఖానికి కాదుగా అనవచ్చు. కావచ్చు. ఉద్దేశం ఏదైనా ఖర్చు మాత్రం దాదాపు లేదు: బిరడాలు తిప్పితే సరి, నచ్చకపోతే మళ్లీ వెనక్కి తిప్పుకోవచ్చు. యాంకో పియానోను పాత పద్ధతికి తేవాలంటే మెట్ల చట్రమే ఊడదీయాలి.