సగం విని, మిగతా సగం రాసి

ఇంగ్లండు లా రిపోర్టుల చరిత్రలో ఎస్పినాస్ అనే ఆయన మీద ఒక పాత జోకుంది. పాపం ఆయనకి చెవుడట. కోర్టులో జరిగినదాంట్లో సగం వినేవాడట, మిగతా సగం రాసేవాడట. బర్నార్డిస్టన్ అనే ఇంకో రిపోర్టరు గురించి చెప్పుకునేది ఇంకా ఘోరం. ఆయన కోర్టులో కునుకు తీస్తుంటే కొంటె లాయర్లు ఆయన నోటుబుక్కులో నోటికొచ్చింది గిలికేవాళ్ళట, తర్వాత అదీ అచ్చయిపోయిందట. ఈ కథల్లో నిజమెంతో గానీ, 18వ శతాబ్దంలో లార్డ్ మాన్స్‌ఫీల్డ్ అంతటి జడ్జి బర్నార్డిస్టన్ పుస్తకాన్ని తన ముందు ఉదహరించొద్దని కట్టడి చేసిన మాట నిజం.

ఏఐ పుట్టించిన లేని తీర్పుల్ని లాయర్లు కోర్టులో దాఖలు చేశారన్న వార్త చదివినప్పుడల్లా నాకు ఈ ఇద్దరూ గుర్తొస్తారు. పాత తీర్పే కొత్త తీర్పుకి ఆధారమయ్యే పద్ధతిలో, జడ్జి మాటకీ మనకీ మధ్య ఎప్పుడూ ఎవరో ఒకరుంటారు. ఆ మధ్యవర్తిని నమ్మదగినవాడిగా చేయడానికి పడ్డ తంటాలే లా రిపోర్టింగ్ చరిత్రలో చాలా భాగం. దాన్ని మూడు ప్రశ్నలుగా చదువుకోవచ్చు. ఈ తీర్పు అసలు ఉందా? మనం అంటున్న మాట అందులో ఉందా? అది ఇవాళ్టికీ చెల్లుతుందా?

మొదటి ప్రశ్నకి జవాబు సంస్థల రూపంలో వచ్చింది. ఎవరికి వాళ్ళు సొంత పేర్లతో రిపోర్టులు వేసుకునే కాలం తర్వాత, 1865లో ఇంగ్లండులో లా రిపోర్టింగ్ కోసం ఒక కౌన్సిల్ ఏర్పడింది. మన దగ్గర 1875లో ఇండియన్ లా రిపోర్ట్స్ చట్టం వచ్చింది. ప్రభుత్వ అనుమతితో వెలువడిన రిపోర్టుని తప్ప వేరేదాన్ని వినాల్సిన బాధ్యత కోర్టుకి లేదు అంటుందది. మద్రాసు, బొంబాయి, కలకత్తా, అలహాబాదు హైకోర్టుల సిరీస్‌లు అలా మొదలయ్యాయి. ప్రైవేటు పత్రికలు మాత్రం ఆగలేదు. 1914 నుంచి ఏఐఆర్, తర్వాతెప్పుడో మన లాయర్ల బీరువాల్లో కనిపించే ఏఎల్‌టీ, ఏఎల్‌డీ వచ్చాయి. సంవత్సరం, సంపుటం, పేజీ నంబరు - ఈ మూడూ ఉంటే ఏ ఊరి లాయరైనా ఆ పేజీ తెరిచి చూడచ్చు. సైటేషన్ అంటే అంతే, ఒక చిరునామా.

రెండో ప్రశ్న కాస్త చిక్కుది. తీర్పులు పొడుగు. కేశవానంద భారతి కేసు (1973) తీర్పు అచ్చులో 700 పేజీలు దాటుతుంది. 13 మంది జడ్జీలు, 11 వేర్వేరు అభిప్రాయాలు. అందుకని తీర్పు మొదట్లో సంపాదకులు సారాంశం రాస్తారు, దాన్నే హెడ్‌నోట్ అంటారు. చాలామంది అక్కడితో ఆగిపోతారు. 1906లో అమెరికా సుప్రీంకోర్టు ముందుకి డెట్రాయిట్ టింబర్ కంపెనీ కేసులో సరిగ్గా ఇదే వచ్చింది. ఒక పాత తీర్పు హెడ్‌నోట్‌ని నమ్ముకుని వాదన నడిపారు, తీరా చూస్తే హెడ్‌నోటే తీర్పుని తప్పుగా చెప్పింది. హెడ్‌నోట్ కోర్టు రాసింది కాదు, దాన్ని పట్టుకుని వాదించొద్దు అని కోర్టు తేల్చేసింది. అమెరికా సుప్రీంకోర్టు తన తీర్పుల సారాంశాల మీద ఇప్పటికీ ఆ కేసు పేరు వేస్తుంది. చాట్‌బాట్ ఇచ్చే సమ్మరీకి కూడా ఇదే హెచ్చరిక అతికించచ్చు.

మూడో ప్రశ్నకి జవాబు చికాగోలో దొరికింది. 1873లో ఫ్రాంక్ షెపర్డ్ జిగురు చీటీలు అమ్మడం మొదలుపెట్టాడు. ఏ తీర్పుని తర్వాత ఏ తీర్పులు ఉదహరించాయో చీటీ మీద ఉండేది, లాయర్లు దాన్ని రిపోర్టు అంచున అతికించుకునేవాళ్ళు. చీటీలు పోయి పుస్తకాలొచ్చాయి, 1973లో లెక్సిస్ వచ్చాక క్రమంగా అదంతా కంప్యూటర్ తెర మీదకెక్కింది. మనకి ఇది ఎందుకు ముఖ్యమో ఒక్క ఉదాహరణ చాలు. ఎమర్జెన్సీ కాలపు ఏడీఎం జబల్పూర్ తీర్పు (1976) నిజంగా ఉంది, సైటేషన్ సరైనదే. అక్రమ నిర్బంధం మీద కోర్టుకెళ్ళే హక్కు అప్పట్లో లేదన్నారు నలుగురు జడ్జీలు, కాదన్నది జస్టిస్ ఖన్నా ఒక్కరే. 2017లో పుట్టస్వామి కేసులో ఆ మెజారిటీ తీర్పుని కొట్టేశారు. 2017 సంగతి తెలియకుండా 1976 తీర్పుని తెచ్చి ఇచ్చే పరికరం అబద్ధం ఆడలేదు గానీ, లాయర్ని ముంచేస్తుంది.

ఇప్పుడు 2023కి వద్దాం. విమానంలో సర్వింగ్ కార్టు మోకాలికి తగిలి గాయమైందని ఒక ప్రయాణికుడు ఏవియాంకా ఎయిర్‌లైన్స్ మీద న్యూయార్క్‌లో దావా వేశాడు. అతని లాయర్లు దాఖలు చేసిన కాగితాల్లో ఆరు తీర్పులు లేనివని తేలింది. అవి చాట్‌జీపీటీ అల్లినవి. ఈ కేసు నిజమేనా అని దాన్నే అడిగితే నిజమే, వెస్ట్‌లాలోనూ లెక్సిస్‌లోనూ దొరుకుతుందని చెప్పింది. జడ్జి 5,000 డాలర్ల జరిమానా వేశారు. అదే రోజు, గడువు దాటిందన్న కారణంతో ప్రయాణికుడి దావానీ కొట్టేశారు.

ఒక ప్రోగ్రామర్‌గా నాకు ఇక్కడ ఆసక్తి కలిగించేది సైటేషన్ రూపం. ఎస్పినాస్ తప్పు రాసినా, ఆ కేసంటూ ఒకటి జరిగేది. భాషా నమూనా తర్వాత ఏ పదం రావచ్చో అంచనా కడుతుంది. పేరు, సంపుటం, పేజీ, కోర్టు, సంవత్సరం అన్నీ పొందికగా అమరిన చిరునామా దానికి చిటికెలో పని. ఆ వీధిలో ఇల్లుందో లేదో చూడటం అసలు దాని పనే కాదు. చిరునామా ఉంటే ఇల్లుంటుందన్న నమ్మకం మీద నడిచిన వృత్తికి ఇది పెద్ద దెబ్బ.

దీనికి విరుగుడుగా లా ప్రచురణ కంపెనీలు ముందు తమ డేటాబేసులో వెతికి, దొరికినదాన్ని బట్టి జవాబిచ్చే ఏఐని తెచ్చాయి. 2024లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు వాటిని పరీక్షిస్తే, పరికరాన్ని బట్టి 17 నుంచి 33 శాతం దాకా జవాబుల్లో తప్పో కల్పనో కనిపించింది. అలాంటి పరికరం మొదటి ప్రశ్నని చాలావరకు దాటిస్తుంది. రెండోదీ మూడోదీ అలాగే మిగిలిపోతాయి. ఉన్న తీర్పుకే లేని మాట అంటగట్టడం, ఓడిన పక్షం వాదనని కోర్టు నిర్ణయంగా చూపించడం లాంటివి పట్టుకోవడం ఇంకా కష్టం, ఎందుకంటే లింకు నొక్కితే తీర్పు నిజంగానే తెరుచుకుంటుంది.

కాబట్టి ఏఐని వాడొద్దని కాదు. మంచి గుమాస్తాలా వాడచ్చు. ఏ పదాలతో వెతకాలి, అవతలి పక్షం ఏం వాదించగలదు, పెద్ద తీర్పులో ఏ పేరాలు ముందు చదవాలి వగైరాలకి అది బాగా పనికొస్తుంది. కానీ అది చెప్పిన సైటేషన్‌కి సాక్ష్యం దాన్నే అడక్కూడదు. తీర్పుని అసలు చోట తెరవాలి, ఆ పేరా కళ్ళతో చదవాలి, తర్వాతి తీర్పులు దాన్నేం చేశాయో చూడాలి. 2023 నుంచి సుప్రీంకోర్టు రిపోర్టులు ఈ-ఎస్‌సీఆర్‌లో ఎవరికైనా ఉచితం. అదే ఏడాది నుంచి తీర్పులకి కోర్టే సొంత నంబరు ఇస్తోంది. 2025 జులైలో కేరళ హైకోర్టు తన కింది కోర్టులకి ఏఐ వాడకం మీద ఒక విధానం ప్రకటించింది. తీర్పు నిర్ణయాన్ని ఏఐకి వదలొద్దనీ, అది ఇచ్చినదాన్ని మనిషి సరిచూసుకోవాలనీ అందులో ఉంది.

అమరావతిలోనైనా హైదరాబాద్‌లోనైనా హైకోర్టు తీర్పు వచ్చేది ఇంగ్లీషులో. పొలం గట్టు తగాదాలో ఏళ్ళ తరబడి తిరుగుతున్న కక్షిదారుకి, తన తరఫున ఏ తీర్పు చూపించారో, అందులో ఏముందో చదివే దారి ఇన్నాళ్ళూ లేదు. ఏఐ ఆ తీర్పుని తెలుగులో విడమరిచి చెప్పగలదు. అది నిజంగా పెద్ద మేలు. కానీ ఆ చెప్పింది తప్పయితే కనిపెట్టే అవకాశం అందరికంటే తక్కువ ఉన్నది కూడా అతనికే. లాయరుకి జరిమానా పడచ్చు, జడ్జికి అప్పీల్లో మాట పడచ్చు. పొలం పోయేది మాత్రం అతనిది. ఆ ఒక్క పేరా తెరిచి చదివే పని అతని తరఫున ఎవరో ఒకరు చేయాలి, ఫీజు తీసుకున్నవాళ్ళు ముందుగా.